నీకేం కష్టం?

"ఆపవయ్యా, ఆపు! బ్లూస్ అంటే ఇది కాదు," అన్నారు సుధాకరరావు.

నిశాంత్ గిటారు తీగల మీద అరచెయ్యి ఆన్చి ఆపేశాడు. సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో సుధాకరరావు గారి ఫ్లాట్ అది. తెలుగు సంఘం వార్షికోత్సవంలో ఎవరు పాడాలో, ఎవరు వాయించాలో తేల్చేది ఆయనే. హాల్లో ఇంకో పదిమంది తమ వంతు కోసం కూర్చున్నారు.

"వేళ్ళు బానే ఆడుతున్నాయి. కానీ బ్లూస్ పుట్టింది అమెరికా పత్తి చేలల్లో, కడుపు మండినవాళ్ళ గొంతులోంచి. మీరేమో కండో అపార్ట్‌మెంట్లో ఏసీ వేసుకుని ఆన్‌లైన్లో నేర్చుకుంటారు. అసలు నీకేం కష్టం ఉందని వాయిస్తావు?"

నిశాంత్‌కి ఆ మాటలు సగమే చెవికెక్కాయి. అతని చూపంతా వెనక కూర్చున్న భార్య దీక్షిత మీదే ఉంది. అతని ఫోను ఆమె చేతిలో ఉంది. నిశాంత్ పనిచేసే చిన్న కంపెనీని పోయిన నెలే ఎవరో పెద్దవాళ్ళు కొన్నారు. తీసేసేవాళ్ళకి ఇవాళ, శనివారం పొద్దున పదకొండింటికి మెయిల్ వస్తుందని ఆఫీసంతా గుసగుస. శనివారమైతే ఆఫీసులో ఏడుపులుండవు కదా! ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది. ముప్పై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే పెట్టేబేడా సర్దుకోవడమే. పాపని బడిలో వేసి రెండు నెలలు కూడా కాలేదు.

"డాడ్, గివ్ హిమ్ వన్ మోర్ చాన్స్ లా!" అంది సుధాకరరావు కూతురు అనన్య.

ఆయన వాచీ చూసుకున్నారు. పదకొండుకి రెండు నిమిషాలుంది.

"సరే, కానీ. పొద్దున్నుంచి నాకూ మనసు బాలేదు, ఆఫీసు గొడవలు. ఈసారైనా ఏడిపించు, చూద్దాం."

నిశాంత్ మొదలుపెట్టాడు. రెండు వరసలు వాయించాడో లేదో, దీక్షిత చేతిలో ఫోను వెలిగింది. ఆమె చదివింది. తలెత్తలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

నిశాంత్ అది చూశాడు. వేళ్ళు మాత్రం ఆగలేదు. ఆపితే అందరి ముందూ ఏడ్చేస్తానేమోనని భయం. తీగని లాగి పట్టుకుంటే అది మూలిగింది. పాపకేం చెప్పాలి, ఇంటికి ఫోన్ చేసి నాన్నకేం చెప్పాలి, అంతా ఆ తీగలోకే పోయింది. కబుర్లాడుకుంటున్నవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు.

వాయించడం అయ్యాక సుధాకరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇదయ్యా బ్లూస్! ప్రోగ్రాంలో నువ్వు ఉన్నావు పో! ఐదు నిమిషాల్లో ఇంత కష్టం ఎక్కణ్ణుంచి తెచ్చావయ్యా?"

 దీక్షిత లేచి వచ్చి, ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"ఈ మెయిల్ కింద సంతకం మీదేనా, అంకుల్?"