అంతకు ముందు

"మళ్లీ మొదలుపెడదాం తాతయ్యా. పొద్దున ఏం జరిగిందో గుర్తున్నంతా చెప్పు," అంది ఎస్మే, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి దాన్ని చక్కెర డబ్బాకు ఆనిస్తూ.

"చెప్పడానికేముంది తల్లీ? తోటలో నా లీకులు రెండూ కోసేసి ఉన్నాయి."

"విల్ఫ్ పనే," అంది అమ్మమ్మ హిల్డా పొయ్యి దగ్గర నుంచి. "ఎనిమిదేళ్లుగా పోటీ కప్పు ఆ పక్కతోటవాడి అలమరాలోనే ఉంది. ఈ ఏడు చేజారుతుందని కడుపుమంట."

"వాడలాంటోడు కాదు. వాడి పేరెత్తకు," అన్నాడు తాతయ్య రాల్ఫ్. ఆయన గొంతు అంత గట్టిగా పలకడం అరుదు.

"అమ్మమ్మా, నువ్వు సాక్షివి కాదు. నువ్వు మాట్లాడితే నా మార్కులు పోతాయి."

"సరే తల్లీ, నోరు కట్టేసుకుని వండుతా."

ఆ ఊళ్లో బొగ్గుగని మూతపడి ముప్పై ఏళ్లయింది కానీ లీకుల పోటీ మాత్రం ఏ ఏడూ ఆగలేదు. లీకు ఉల్లిజాతి మొక్కే. గని దిగిన మగవాళ్లందరూ దాన్ని కన్నబిడ్డలా సాకుతారు. రాల్ఫ్ ఈసారి పెంచిన జత చూసి ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. రోజూ టేపుతో కొలిచాడు, గాలివానకు గోనె కప్పాడు, వాటితో కబుర్లు కూడా చెప్పాడు. పోటీ ఎల్లుండి శనివారం. ఈ పొద్దున చూస్తే రెండూ నిలువునా చీలికలు.

ఎస్మే న్యూకాజిల్‌లో న్యాయశాస్త్రం, మనస్తత్వశాస్త్రం కలిపి డిగ్రీ చదువుతోంది. "సగం వకీలు, సగం మనసు డాక్టరు. ఏ సగం కూడు పెడుతుందో చూద్దాం," అని అమ్మమ్మ ఎగతాళి. ఆ రెండు సగాలూ కలిసేచోటే పిల్ల జారిపడింది. సాక్షిని ప్రశ్నించే పరీక్ష అది. జవాబును ప్రశ్నలోనే పెట్టి అందించకూడదు. "వాడు నీలం కోటే కదా వేసుకుంది?" అని అడిగితే కోర్టు ఒప్పుకోదు, సాక్షి జ్ఞాపకమూ చెడుతుంది. మే నెలలో ఎస్మే అలాంటివి ఏడు అడిగి తప్పింది. ఇప్పుడు రెండో అవకాశం. రేపు సాయంత్రంలోగా రికార్డింగ్ పంపాలి. ఇదీ పోతే మూడో ఏడాది చదువు లేదు.

పైగా కల్పించిన కథ పనికిరాదు, నిజంగా జరిగిందే కావాలన్నారు. ఎస్మే వారం రోజులు ఊరంతా గాలించింది. పబ్బులో గొడవ లేదు, దుకాణంలో బిస్కెట్ పొట్లం కూడా పోలేదు, చివరికి బస్సు కూడా వేళకే వచ్చింది. "నా సైకిలు పోయిందని చెప్పనా?" అన్నాడు తాతయ్య. "నువ్వా? పేకాటలో నీ మొహం చూస్తే చేతిలో ముక్కలన్నీ తెలిసిపోతాయి," అంది అమ్మమ్మ. నిన్న సాయంత్రం ఎస్మే పెరటి మెట్ల మీద కూర్చుని ఊరిని తిట్టుకుంటూ ఏడ్చేసింది.

తెల్లారేసరికి ఈ ఘోరం. తాతయ్య నష్టం తనకు కలిసొచ్చిందని ఆ పిల్లకు సిగ్గేసింది. అడగడానికి నోరు రాలేదు. ఆయనే, "పోయినవి ఎలాగూ పోయాయి. ఫోన్ తెచ్చుకో," అన్నాడు.

"తోటకు వెళ్లినప్పటి నుంచి చెప్పు తాతయ్యా."

"ఆరున్నరకి వెళ్లా. గేటు గొళ్లెం వేసే ఉంది. మంచు బాగా పడింది."

"అక్కడ ఎవరెవరున్నారు?"

"నేనే. విల్ఫ్ ఇంట్లో ఇంకా దీపం కూడా వెలగలేదు."

అమ్మమ్మ గట్టిగా దగ్గింది. ఎస్మే కళ్లురిమింది.

"తర్వాత?"

"తర్వాత ఆ ముక్కలన్నీ ఏరుకుని ఇంటికొచ్చా. మీ అమ్మమ్మ పుడ్డింగులో వేసేసింది."

"పారేస్తానా మరి?" అంటూ అమ్మమ్మ పళ్లేలు తెచ్చి పెట్టింది. పిండిలో చుట్టి ఉడికించిన లీకులు ఆవిర్లు కక్కుతున్నాయి. తాతయ్య తృప్తిగా తిని ఇంకొంచెం వడ్డించమన్నాడు. ఎంత నిబ్బరమో అనుకుంది ఎస్మే. తానైతే ముద్ద మింగలేకపోయేది. అప్పటిదాకా తప్పు ప్రశ్న ఒక్కటీ పడలేదని లోపల్లోపల సంతోషంగానే ఉంది.

"ఇప్పుడు ఇదే వెనక నుంచి చెప్పాలి తాతయ్యా. చివర జరిగింది ముందు."

"ఇదెక్కడి విద్యే?"

"మర్చిపోయినవి గుర్తొస్తాయట. అబద్ధం ముందుకు పరిగెడుతుంది కానీ వెనక్కి నడవలేదని మా మేడమ్ అంటారు."

తాతయ్య చెంచా కింద పెట్టాడు. "అంత ఉందా ఇందులో," అని గడ్డం గోక్కున్నాడు. "సరే. ఇంటికొచ్చి మీ అమ్మమ్మకి చెప్పా."

"అంతకు ముందు?"

"తోట గేటు వేశా."

"అంతకు ముందు?"

"కొళాయి దగ్గర చాకు కడిగి జేబులో పెట్టుకున్నా."

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది. ఎస్మే తలెత్తి చూసింది. తాతయ్య మొహం పేకాటలో ఉన్నట్టే ఉంది, ముక్కలన్నీ కనిపిస్తూ. ఆ పిల్లకు ఒక ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది, జవాబును కడుపులో పెట్టుకున్న ప్రశ్న. అడిగితే పరీక్ష పోతుంది. కష్టం మీద మింగేసింది.

"అంతకు ముందు ఏం జరిగింది?"

"వాటి పక్కన కూర్చుని కాసేపు మాట్లాడా. ఏమనుకోకండర్రా అని చెప్పా."

"అంతకు ముందు?"

తాతయ్య నవ్వి, మనవరాలి చేతి మీద చెయ్యి వేశాడు.

"ఈ ఊళ్లో ఏమీ జరగదని నువ్వు ఏడ్చావు."