రెండు కొట్ల టీ

అయ్యప్ప కొట్లో టీ తాగిన కొత్తాయన, గ్లాసు అక్కడ పెట్టేసి, తిన్నగా రోడ్డు దాటి ఝాన్సీ కొట్లోకి వచ్చాడు.

"ఒక టీ ఇవ్వమ్మా."

బల్ల మీదున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

హంసలదీవి దారిలో ఉన్న ఆ ఊళ్ళో అలా ఎవరూ చెయ్యరు. రోడ్డుకి అటు అయ్యప్ప కొట్టు ఒక పార్టీది, ఇటు ఝాన్సీ కొట్టు ఇంకో పార్టీది. ఎవరెటో అడగక్కర్లేదు. గ్లాసు ఎక్కడ పట్టుకున్నాడో చూస్తే చాలు.

అనంతకృష్ణ మాత్రం తనకి ఏ పార్టీ లేదంటాడు. అవనిగడ్డలో ఇంటర్ పిల్లలకి సివిక్స్ చెప్తాడు. అయినా ఊహ తెలిశాక అయ్యప్ప కొట్టు గడప తొక్కి ఎరగడు.

ఆ పొద్దున ఝాన్సీ కొట్లో ఆయనకి కాలు నిలవడం లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, జేబులోంచి ఫోను తీసి చూసి మళ్ళీ పెట్టుకుంటాడు.

ఊరి బడికి మాస్టారు లేడు. టీచర్ల బదిలీలు ఈ సాయంత్రంతో అయిపోతాయి. ఈలోగా ఎవరైనా ఈ ఊరు కోరుకుంటే సరి. లేకపోతే బడి మూసేసి పిల్లల్ని డ్రెయిను కాలవ అవతలి ఊరి బడిలో కలిపేస్తారు. నాలుగు వానలు పడితే చాలు, ఆ డ్రెయిను దాటే చప్టా నీళ్ళలో మునిగే ఉంటుంది. ఆయన కూతురు హారిక మూడో తరగతి.

మనసు మళ్ళించుకోవడానికే అమెరికా కథ ఎత్తుకున్నాడు. పక్కన వీరాంజనేయులు ఊ కొడుతున్నాడు. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడితే వీరాంజనేయులు ఇంటిపట్టున ఉండడు.

వాళ్ళ రాజ్యాంగంలో పార్టీ అన్న మాటే లేదని చెప్పాడు అనంతకృష్ణ. మొదటి ప్రెసిడెంటు వాషింగ్టన్ ఏ పార్టీవాడూ కాదు. ఆయన కింద మంత్రులు హామిల్టన్, జెఫర్సన్ మాత్రం బరిలో పుంజుల్లా తలపడ్డారు. చెరో గుంపు, చెరో పేపరు. ఈ పార్టీల గొడవ దేశానికి చేటని చెప్పి పెద్దాయన దిగిపోయాడు గానీ, విన్నవాడు లేడు. తర్వాత్తర్వాత గెలిచిన పార్టీ వచ్చి పోస్టుమాస్టరు దగ్గర్నుంచీ పాతవాళ్ళని తీసేసి తనవాళ్ళని పెట్టుకునేది.

"మరి గెలిచేది ఎందుకు సార్?" అన్నాడు వీరాంజనేయులు.

అక్కడికి వచ్చేసరికి ఈ కొత్తాయన దిగబడ్డాడు. ఝాన్సీ టీ ఇచ్చింది. కథ మళ్ళీ సాగింది.

"ఎంతదాకా వచ్చిందంటే, జన్మంతా స్నేహంగా ఉన్నవాళ్ళు కూడా, ఎదురుపడితే టోపీ తీసి పలకరించాల్సొస్తుందని రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్ళు."

"మనకి టోపీలు లేవు కాబట్టి సరిపోయింది సార్," అంది ఝాన్సీ.

కొత్తాయన టీ ఊదుకుంటూ అడిగాడు.

"మరి వాళ్ళ పిల్లలు ఎటు ఆడుకునేవాళ్ళండీ?"

అనంతకృష్ణ ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఎగతాళి అనుకున్నాడు.

వీరాంజనేయులు ఆరా మొదలుపెట్టాడు. ఏ ఊరంటే గుడ్లవల్లేరు పక్కన అన్నాడాయన. ఎవరి తాలూకు అంటే, ఎవరి తాలూకూ కాదు, ఊరు చూసుకుందామని వచ్చానన్నాడు. తిరిగి తనే, గది అద్దెకి దొరుకుతుందా అన్నాడు. రోడ్డుకి అటు ఎన్ని ఇళ్ళు, ఇటు ఎన్ని ఇళ్ళు అన్నాడు. అటువాళ్ళు ఇటు వస్తూ ఉంటారా అని కూడా అడిగాడు.

"సర్వే," అన్నాడు వీరాంజనేయులు, అనంతకృష్ణ చెవిలో.

ఎన్నికల ముందు పార్టీలు ఇలాంటివాళ్ళనే పంపుతాయి. టీలు తాగి, ఇళ్ళు లెక్కేసి, ఎవరెటో పైకి చేరేస్తారు.

"ఎవరు పంపారండీ మిమ్మల్ని?" అన్నాడు అనంతకృష్ణ.

"ఎవరూ పంపలేదండీ. నేను..."

"అటో టీ, ఇటో టీ. వియ్యాలవారి మర్యాదలా ఉందే బావగారూ," అని అడ్డుపడ్డాడు వీరాంజనేయులు.

"రెండూ బాగానే ఉన్నాయండీ." ఆయన నవ్వాడు.

ఇంకెవరూ నవ్వలేదు.

ఫోను మోగినట్టయి అనంతకృష్ణ జేబు తడుముకున్నాడు. మోగలేదు. ఆ చిరాకంతా ఎదుటిమనిషి మీదికి మళ్ళింది.

"ఎటో ఒకవైపు తేల్చుకుని రండి. రెండు వైపులా తిరిగే మనిషిని ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు." చెయ్యి చాపి చూపించాడు. "బస్సు అదిగో, ఆ బడి దాటాక ఆగుతుంది."

కొత్తాయన గ్లాసు కింద పెట్టాడు.

"అటు కొట్లోనూ ఇదే మాటన్నారండీ," అని గొడుగు తీసుకుని లేచాడు.

తాళం వేసిన బడి ముందు ఆగాడు. కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూశాడు.

"పోలింగ్ బూతు కూడా చూసుకుంటున్నాడు," అన్నాడు వీరాంజనేయులు.

బస్సొచ్చింది. ఆయన ఎక్కేశాడు.

సాయంత్రం ఫోను నిజంగానే మోగింది. మండల విద్యాశాఖ ఆఫీసులో పనిచేసే అనిల్ కుమార్. అనంతకృష్ణ దగ్గర చదువుకున్నవాడే.

"ఎవరూ కోరుకోలేదు సార్. ఒకాయన మాత్రం మీ ఊరే కావాలని పట్టుబట్టి, ముందు ఓసారి చూసొస్తానని పొద్దున్నే బయల్దేరాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి వేరే ఊరు పెట్టేసుకున్నాడు."

"ఎందుకట?"

"తను ఎటు టీ తాగినా, ఆ బడికి సగం మంది పిల్లలు రారన్నాడు సార్."

అనంతకృష్ణ ఫోను జేబులో పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు.

ఎదర, రోడ్డు నడిమధ్యన గళ్ళు గీసుకుని, హారికా, అయ్యప్ప కూతురు ప్రణతీ తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్నారు.

ఆ ఇద్దరికీ పాఠం చెప్పాల్సిన మాస్టారికి, బస్సు ఎక్కడ ఆగుతుందో పొద్దున చెయ్యి చాపి చూపించింది తనే.