ఒట్టు పెట్టుకున్న మోకాలు

నానమ్మ కుడికాలు చాపి మనవరాలి ఒళ్లో పెట్టింది.

"చూడవే డాక్టరమ్మా! నువ్వు పాసయ్యేదాకా ఇంకెవరికీ చూపించనని ఒట్టు పెట్టుకున్నా."

మోకాలు గుమ్మడికాయలా ఉబ్బి ఉంది.

"నానమ్మా, నేను వైద్యం మానేస్తున్నా. వంతెనలు కట్టే చదువుకి మారుతున్నా. చాలా పెద్ద కాలేజీ. వేరే చదువు మధ్యలో మానేసి వచ్చేవాళ్లలో వందకి ఒకరిని కూడా తీసుకోరు. నన్ను తీసుకున్నారు."

"వంతెనలా?"

"ఊఁ. కోపమొచ్చిందా?"

నానమ్మ కాలివేళ్లు ఆడించుకుంది.

"కోపమెందుకే? ఇంకా నాలుగేళ్లు ఈ నొప్పి ఎలా భరించాలిరా దేవుడా అని రోజూ ఏడుస్తున్నానే. వేరే డాక్టరు దగ్గరికి వెళితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా."

"నేను మానేస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని నేనూ ఏడాదిగా శవాలు కోస్తున్నా."

ఇద్దరూ మోకాలి వంక చూశారు. మోకాలు ఏమీ అనలేదు.

"ఇంకా కూర్చున్నావేంటే?" అంది నానమ్మ చెయ్యి చాపుతూ. "లేవదియ్యి. ఆసుపత్రి మూసేస్తారు."