ఎర్రపెన్ను డిక్టేషన్

"ఫోన్లన్నీ ఇందులో పడెయ్యండి. ఒక్కటి తగ్గినా ఊరుకోను."

తెలుగు టీచరు ప్లాస్టిక్ బకెట్టు బల్ల మీద ఠపీమని పెట్టింది. పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు ఎర్రపెన్ను. ఒత్తు మింగినా, దీర్ఘం తగ్గినా ఆ పెన్ను వదిలిపెట్టదు. పేరు రాయని కాగితం ఇచ్చినా ఎవరిదో చెప్పేస్తుంది. చేతిరాత చూసి కాదు, తప్పు చూసి.

ముప్ఫై ఎనిమిది ఫోన్లు బకెట్టులో పడ్డాయి. చివరి బెంచీలో సైలెంటు మాత్రం కదల్లేదు. వాడి ఫోను పొద్దుటినుంచీ స్విచాఫ్‌లోనే ఉంది.

పన్నెండో తరగతిలో నోరు విప్పనివాడు వాడొక్కడే, అందుకే సైలెంటు. పొద్దున్న ఏడింటికి క్లాసు గ్రూపులో ఎవరిదో తెలియని నంబరు నుంచి ఒక ఫొటో వచ్చి పడింది. లింకు ఉన్నవాళ్ళెవరైనా దూరగలిగే గ్రూపు అది. సైలెంటు తన ఫోనులో తనకోసం రాసుకున్న నాలుగు లైన్లకి ఎవరో ఫొటో తీశారు. పక్క సెక్షన్‌లో ఒకబ్బాయంటే తనకెంత ఇష్టమో రాసుకున్నాడు పాపం, పేరైనా రాయకుండా. కింద ఆ నంబరువాడి మాట: "వీడు గే. వీడి స్నేతిహుడు ఎవడో కూడా చెప్తా. వీడితో తిరిగేవాళ్ళు జాగర్త." ఆ తర్వాత నంబరు మాయం.

స్నేతిహుడట! స్నేహితుడు అని రాయడం కూడా రాని వెధవ, ఇంకొకడి బతుకు మీద బురద జల్లడానికి తయారు! ఎర్రపెన్నుకి ఒళ్ళు మండిపోయింది.

క్లాసుకి ముందే స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి సైలెంటు ఒక్కటే మాటన్నాడు. "నేను చదువు మానేస్తా మేడమ్."

లిఫ్టులు బాగుచేసే వాళ్ళ నాన్నయితే ఫోన్లో అరిచాడు. "మీ క్లాసువాడే అయ్యుంటాడు! వాణ్ణి పట్టుకుంటారా, నా కొడుకుని తీసుకెళ్ళిపోమంటారా?"

అందుకే ఈ డిక్టేషన్.

"రాయండి. స్నేహితుడు కిందపడితే స్నేహితుడే లేపాలి. మంచి స్నేహితులు..."

పావుగంటలో ముప్ఫై ఎనిమిది కాగితాలూ తిరగేసింది. 'హి'కి గుడి ఎగ్గొట్టినవాళ్ళు ఇద్దరు. 'స్నే'ని 'సే' చేసినవాడు ఒకడు, క్లాసంతా మైకు అని పిలిచేవాడు. స్నేతిహుడు మాత్రం ఎక్కడా లేడు.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. పసిపిల్లల్ని పట్టుకుని దొంగల్లా చూసింది తను.

"తప్పు నాదే. మీలో ఎవరో అనుకున్నా," అంది. "ఈ గంట ఇంక పాఠం లేదు, ఫోన్లూ లేవు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మాట్లాడుకోండి. అది చేసి ఎన్నాళ్ళయిందో!"

బకెట్టులో ఏదో ఫోను గుర్రుమని ఊరుకుంది.

చివరికి మైకు లేచాడు. పేరుకు తగ్గ గొంతు వాడిది. నేరుగా వెళ్ళి సైలెంటు పక్కన చతికిలబడ్డాడు.

"ఒరేయ్, పొద్దున్న ఆ మెసేజ్ కింద నేనూ నవ్వే బొమ్మ పెట్టానురా. బుద్ధి గడ్డి తింది. నువ్వు గే అయితే నాకేంటి? నా రికార్డులో బొమ్మలన్నీ వేసేది నువ్వు. నువ్వు మానేస్తే నేను ఫెయిలు."

సైలెంటు ముక్కులోంచి ఓ చప్పుడు వచ్చింది. అది నవ్వో ఏడుపో వాడికే తెలీదు. క్లాసు లీడరు తన బ్యాగు తెచ్చి వాడి ముందు బెంచీ మీద పడేసింది. "రేపట్నుంచి నా సీటు ఇక్కడే. ఎవడేమంటాడో నేనూ చూస్తా."

"ఇంతకీ నీ ఫోన్లోది వాడికెలా దొరికిందిరా?" అడిగాడు మైకు.

"తెలీదు. ఎవరికీ పంపలేదు. ఇంట్లో ఛార్జింగుకి పెట్టినప్పుడు తప్ప ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది."

"అయితే ఆటల పీరియడ్‌లో నీ బ్యాగులోంచి తీసుంటాడు. దొరకనీ, వాడి పని చెప్తాం."

బెల్లు కొట్టినా ఎవరూ బకెట్టు మీద ఎగబడలేదు. సైలెంటు బల్ల దగ్గరికి వచ్చి, "రేపు వస్తా మేడమ్," అన్నాడు. ఎర్రపెన్ను కళ్ళు తుడుచుకుంది.

ఆఖరి గంటకి వాళ్ళ నాన్న వచ్చాడు, చొక్కాకి గ్రీజు మరకలతోనే.

"దొరికాడా?"

"లేదండీ. మా పిల్లలు మాత్రం కాదు."

"ఎవడైతేనేం, పోయిన పరువు తిరిగొస్తుందా? కొన్నాళ్ళు వీణ్ణి నా కళ్ళముందే ఉంచుకుంటా. ఇదిగో అర్జీ." మడత కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు.

సైలెంటు గుమ్మాన్ని పట్టుకుని నిలబడ్డాడు. "నాన్నా, నేను రేపు స్కూలుకొస్తా. వీళ్ళంతా ఉన్నారు నాకు."

ఆయన 'వీళ్ళ' వైపు తిరిగైనా చూడలేదు. వాడు ఎర్రపెన్ను వైపు చూశాడు, ఒక్కమాట సాయం చెయ్యమన్నట్టు. ఆవిడ ఏదో అనబోయింది. కానీ కన్నతండ్రి వచ్చి అడుగుతుంటే కాదని ఎలా అంటుంది?

"వెళ్ళు నాయనా," అంది, వాడి భుజం నిమిరి. "నీ మీద పగబట్టినవాడు ఎవడో ఇంకా తేలలేదు. తేలేదాకా నాన్న దగ్గరుండు. అంతకంటే భద్రమైన చోటు ఇంకెక్కడుంది?"

వాడి వేళ్ళు గుమ్మాన్ని ఒక్కొక్కటిగా వదిలాయి. స్కూటరు గేటు దాటి మలుపు తిరిగిపోయింది. మైకు ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఎర్రపెన్ను కాగితం మడత విప్పి, అలవాటు కొద్దీ పెన్ను మూత తీసి, చదువుతూ చదువుతూ రెండో వరస దగ్గర ఆగిపోయింది: "ఇక్కడి స్నేతిహుల వల్ల మా అబ్బాయి చెడిపోతున్నాడు కాబట్టి వెంటనే టీసీ ఇప్పించ ప్రార్థన."