బ్రాడ్లీ వారింటి పెళ్లి

"ఈ పెండ్లి జరగది. అంతే!"

సొలొమోను తేల్చేశాడు. నారాయణఖేడ్ చర్చిలో పెద్దమనిషి ఆయన. ఈ సంబంధం మాట చెవిన పడ్డప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. ఊరంతా నవ్వుతుందని భయం. ఆ మాట పైకి చెప్పలేక, బాగా ఆలోచించి ఒక అడ్డుపుల్ల వెతికి పట్టుకున్నాడు.

"మనం బ్రాడ్లీలం. కల్హేర్ ఊరి దశరథ్ సుత బ్రాడ్లీనే. ఒక్కటే ఇంటిపేరంటే పాలోళ్లు, అన్నదమ్ముల వరస. పాలోళ్లతోని పెండ్లేంది? మొఖాన ఊస్తరు!"

ఆ దశరథ్ వాకిట్లోనే మోపెడ్ పక్కన నిలబడి ఉన్నాడు. పిలిచినా లోపలికి రాలేదు, సిగ్గు. సొలొమోను కూతురు లిల్లీ ఇచ్చిన చక్కెర లేని చాయ్ పాపం చేతిలోనే చల్లారిపోతోంది.

లిల్లీ ఊరుకునే రకమా? ఫోన్ ముందేసుకుని ఆ పేరు పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వి తీసింది.

"నాయినా, బ్రాడ్లీ అంటే ఇంగ్లండుల ఊరి పేరు. అడివి కొట్టి చేసిన పెద్ద చెల్క అన్నట్టు. గసుంటి ఊర్లు ఆడ బొచ్చెడున్నయ్. ఆ ఊరు ఇడిసినోళ్లు ఏడికి పోతే ఆడ గదే ఇంటిపేరైంది. అట్ల అమెరికా పోయినోళ్లల్ల ఒకాయన మిషన్ దొరై ఈడికొచ్చిండు. బాప్తిస్మం ఇచ్చినోళ్లందరికి తన పేరే పెట్టిండు. మనకు, ఆళ్లకు దొర ఒక్కడే గని నెత్తురు ఒక్కటా?"

"గవన్నీ నాకెర్క లేదు. పేరు పేరే!"

మూలన జొన్నలు చెరుగుతున్న సొలొమోను తల్లి లీలమ్మ చేట ఆపింది.

అప్పుడు వంటింట్లోంచి సొలొమోను భార్య స్వరూపరాణి గరిటెతో సహా వచ్చింది.

"బీదర్ల మా నాయిన ఇంటిపేరేంది? బ్రాడ్లీ కాదా? నా ఎనుక తిరిగినప్పుడు నీకు పాలోళ్లు యాదికి రాలేదా?"

సొలొమోను కాసేపు నెత్తి గోక్కున్నాడు.

"సరే తియ్... కానియ్యుండ్రి."

లిల్లీ ఎగిరి గంతేసింది.

మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదివారు. అభ్యంతరం చెప్పినవాళ్లు లేరు. భయపడ్డట్టు నవ్వినవాళ్లూ లేరు.

పెళ్లిరోజు సొలొమోను తెల్లచీర కట్టిన పెళ్లికూతురిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, కళ్లు తుడుచుకుంటూ, "మా అమ్మను మంచిగ చూస్కో" అని తల్లి లీలమ్మ చేతిని దశరథ్ చేతిలో పెట్టాడు.