నలభై రోజుల గడ్డి

"ఇంకా పన్నెండు రోజులున్నాయి. వెనక్కి తోలు," అంది కాపలామనిషి, గేటుకు అడ్డంగా నిలబడి.

కొత్తగా బదిలీ మీద వచ్చిన పశువుల డాక్టరు స్కూటరు ఆపాడు. గేటు అవతల బీడు పచ్చగా కళ్ళు తిప్పుకోనివ్వడం లేదు. ఇవతల పదిహేను మేకలు, డొక్కలు ఎండి నిలబడ్డాయి. బీడును నాలుగు ముక్కలు చేసి, మేసిన ముక్కకు నలభై రోజుల విశ్రాంతి ఇవ్వాలన్నది ఊరి పశుపోషకుల సంఘం కట్టుబాటు.

"అన్నాళ్ళాగితే పొదుగులు ఎండిపోతాయి," అన్నాడు మేకలాయన బొంగురు గొంతుతో. "ఇంట్లో ఏడాది పిల్లకి ఈ పాలే ఆధారం. పొద్దున్నుంచీ గుక్కపట్టి ఏడుస్తోంది."

"పాప సంగతి ఇక్కడెత్తకు. గుట్ట కింద ముక్క తెరిచే ఉంది."

"అక్కడున్నవి మోళ్ళు. నీకున్నది గుండా, బండరాయా?"

ఆమె వంగి ఓ గడ్డిదుబ్బు పట్టుకుంది. రెండు వేళ్ళతో లాగితేనే ఊడి వచ్చింది.

"చూడయ్యా, వేరు పట్టలేదు. నిరుడు ఒకరి మీద జాలిపడి తెరిచారు. వెనకే అందరూ దిగారు. రెండు వానలకి మట్టంతా వాగుపాలు. అదిగో, నాలుగో ముక్క. రాళ్ళు మేపి పాలు పిండుకో."

డాక్టరుకు ఒళ్ళు మండింది. ఆమె చెప్పింది తను చదివిన చదువే. కానీ ఆకలేసిన పసిదానికి చదువెందుకు?

"ఏమ్మా, ఒక్కపూట వదిలితే కొంపలు మునుగుతాయా? నీ మీద సంఘానికి ఫిర్యాదు రాస్తాను."

"రాయండి సార్. పెన్ను లేకపోతే నేనిస్తా."

స్కూటరు సీటు మీదే కాగితం పెట్టి రాశాడు. పసిపిల్ల ఆకలికి కరగని ఈ మనిషిని కాపలాలోంచి తీసెయ్యాలని రాసి, చివర గీత గీస్తుంటే కాగితం చిరిగింది.

"ఇక్కడ సంతకం పెట్టు."

మేకలాయన పెన్ను పట్టుకుని గేటు వైపు చూశాడు. పెన్ను తిరిగి ఇచ్చేశాడు.

"నా వల్ల కాదు సార్."

"మీరిలా భయపడబట్టే ఇలాంటివాళ్ళు నెత్తికెక్కుతారు. పాప తల్లి చేత పెట్టిస్తాను. కన్నకడుపు, ఆవిడకుంటుంది రోషం. ఎక్కడుంది?"

అతను గేటుకు తాళం వేస్తున్న మనిషిని చూపించాడు.