గడియారం లేని కంప్యూటర్

తాత్కాలిక లెక్చరరమ్మను ఉంచాలో పంపాలో క్లాసు చూసి చెప్పమని ప్రిన్సిపాల్ ఆ పని సీనియర్ లెక్చరర్ పెద్దసారుకు అప్పగించాడు. పెద్దసారు ఎప్పుడో తేల్చేశాడు. ఆ కుర్చీ తన బావమరిదికి. క్లాసు చూడడం ఉత్త లాంఛనం.

ఆయన పుట్టాక ఎవరినీ మెచ్చుకుని ఎరగడు. వెనక బెంచీలో మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

ఆ రోజు పాఠం కంప్యూటర్ లోపలి అమరిక. లెక్చరరమ్మ పిల్లలకే వేషాలు కట్టించింది. బొద్దబ్బాయి మెమరీ. వాడి చేతినిండా అంకెల అట్టలు. కళ్ళజోడు పిల్ల కూడికలు చేసే భాగం. పొడుగోడు కంట్రోల్ యూనిట్. ఎవరేం చెయ్యాలో చెప్పేది వాడే.

అందరూ నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు.

"ఏంటమ్మా, దిష్టిబొమ్మల్లా నిలబెట్టావ్?"

"గడియారం లేదు సార్. ఒక్కో చప్పటకి ఒక్కో పని జరగాలి. గడియారమై చప్పట్లు కొట్టాల్సిన అమ్మాయి రాలేదు."

"నువ్వే కొట్టు."

"నేను బోర్డు దగ్గరుండి చెప్పాలి కదండీ."

"మరి వీళ్ళంతా?" వరసగా నిలబడ్డ మిగతా పిల్లల్ని చూపించాడు.

"వాళ్ళు తీగలండీ."

పెద్దసారుకు ఒళ్ళు మండింది. తొందరగా తెమిలితే బావమరిదికి ఫోన్ చేసుకోవచ్చు. విసుగ్గా ఒక చప్పట చరిచాడు.

"మెమరీ, ఏడు!" అన్నాడు పొడుగోడు.

ఇంకో చప్పట. బొద్దబ్బాయి అట్ట తీశాడు. ఇంకోటి. అట్ట తీగల చేతులు మారింది. ఆయన ఆపితే అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోతున్నారు. ఒక తీగ ఒంటికాలి మీదే ఉండిపోయింది.

ఇంట్లో ఆయన మాట ఇలా వినేవాళ్ళు లేరు. పెద్దసారు లేచి నిలబడ్డాడు. జోరు పెంచాడు.

"నిదానం సార్, వేడెక్కిపోతున్నాం!" బొద్దబ్బాయి రొప్పాడు.

ఏడూ అయిదూ కలిశాయి. బోర్డు మీద పన్నెండు పడింది. పెద్దసారు చప్పట్లు ఆపలేదు.

"భేష్!" అన్నాడు తలుపు దగ్గర ప్రిన్సిపాల్. "మీరే లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారంటే ఇక నేనడిగేదేముంది? అమ్మాయ్, ఈ ఉద్యోగం నీదే."

పెద్దసారు చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

సరిగ్గా ఈ వేళకు ప్రిన్సిపాల్‌ను వెంటబెట్టుకు రమ్మని లెక్చరరమ్మ పంపిన గడియారం పిల్ల, ఆయన వెనక నుంచి వచ్చి తన చోట నిలబడింది.